ఒక జెండా... రెండు జ్ఞాపకాలు

ఎర్రటి గుడ్డ. దానిమీద గుణకారం గుర్తులా రెండు నీలిరంగు పట్టీలు. ఆ పట్టీలమీద 13 తెల్ల నక్షత్రాలు. చూడ్డానికి అంతే! కానీ అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఆ జెండా ఎగురుతుంటే కొందరి ఛాతీ ఉప్పొంగుతుంది. ఇంకొందరి గుండె గుభేల్మంటుంది. ఒకరికది ముత్తాత చూపిన వీరత్వం. మరొకరికది ముత్తాత కాళ్లకు పడిన సంకెళ్లు. ఇంతకీ ఆ కాన్ఫెడరేట్ జెండా ప్రాంతాభిమానానికి గుర్తా, జాత్యహంకారానికి చిహ్నమా?

2015 జూన్ 27, శనివారం. అప్పుడప్పుడే తెల్లవారింది. సౌత్ కరోలినా రాష్ట్ర రాజధాని కొలంబియాలో, శాసనసభ భవనం ముందున్న జెండాకర్రను ఓ నల్లజాతి యువతి ఎక్కుతోంది. తలకు హెల్మెట్, నడుముకు కొండలెక్కేవాళ్లు కట్టుకునే తాళ్లు. కర్ర ఎత్తు 30 అడుగులు. దిగిపొమ్మని కింద నుంచి పోలీసులు కేకలేస్తున్నారు. ఆమె వినలేదు. చివరిదాకా ఎక్కి, జెండాను ఊడదీసి, చేత్తో పట్టుకుని దిగింది. దిగీదిగగానే చేతులకు బేడీలు పడ్డాయి. కాసేపటికే కర్రమీద మళ్లీ జెండా ఎగిరింది.

ఆమె పేరు బ్రీ న్యూసమ్. ఆమె అరెస్టయిన 13 రోజులకు, అంటే జులై 10న, అదే జెండాను ప్రభుత్వమే లాంఛనంగా దించింది. చుట్టూ చేరిన వేలమంది చప్పట్లు కొట్టారు. కొందరు మాత్రం కళ్లు తుడుచుకున్నారు. ఆ చప్పట్లూ నిజమే. ఆ కన్నీళ్లూ నిజమే. ఈ గొడవ ఇంతకాలంగా తెగకపోవడానికి కారణం అదే.

తొమ్మిది ప్రాణాలు పోయాక...

అంతకు పది రోజుల ముందు, జూన్ 17 రాత్రి... అదే రాష్ట్రంలోని చార్ల్‌స్టన్ నగరం. ఇమాన్యుయేల్ ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చిలో కొందరు నల్లజాతివారు బైబిలు చదువుకుంటున్నారు. 21 ఏళ్ల తెల్లజాతి కుర్రాడొకడు వచ్చాడు. కొత్తవాడని చూడకుండా పక్కన కూర్చోబెట్టుకున్నారు. దాదాపు గంటసేపు వాళ్లతోనే ఉన్నాడు. ప్రార్థన కోసం అందరూ కళ్లు మూసుకున్నాక తుపాకీ తీశాడు. తొమ్మిదిమంది చనిపోయారు. వాళ్లలో ఆ చర్చి పాస్టరు, రాష్ట్ర సెనేటరు కూడా అయిన క్లెమెంటా పింక్నీ ఒకరు.

హంతకుడు కాన్ఫెడరేట్ జెండా పట్టుకుని దిగిన ఫొటోలు తర్వాత బయటపడ్డాయి. అప్పటికే జనం మరొకటి గమనించారు. సంతాప సూచకంగా శాసనసభ గుమ్మటంపైన దేశ పతాకాన్నీ, రాష్ట్ర పతాకాన్నీ అవనతం చేశారు. భవనం ముందున్న కాన్ఫెడరేట్ జెండా మాత్రం పూర్తి ఎత్తులోనే ఎగురుతోంది! ఎందుకంటే, చట్టసభ అనుమతి లేకుండా దాన్ని ముట్టుకునే అధికారం ఎవరికీ లేదని చట్టం. పింక్నీ శవపేటికను గుర్రపు బండిలో శాసనసభకు తెచ్చిన రోజున కూడా ఆ జెండా అక్కడే ఉంది.

అప్పుడు ఆ రాష్ట్రానికి గవర్నరు మన మూలాలున్న మహిళే... నిక్కీ హేలీ. ఆమె తల్లిదండ్రులు పంజాబ్ నుంచి వెళ్లి అక్కడి బాంబర్గ్ అనే చిన్న ఊళ్లో స్థిరపడిన సిక్కులు. 2014 ఎన్నికల్లో జెండా ప్రస్తావన వస్తే, పరిశ్రమలు పెట్టడానికి వచ్చిన ఏ కంపెనీ అధిపతీ దాని గురించి తన దగ్గర ఒక్కమాట ఎత్తలేదని హేలీ తేల్చేశారు. చార్ల్‌స్టన్ ఘోరం తర్వాత మాత్రం జెండాను దించాల్సిందేనని పిలుపిచ్చారు. సభలో అర్ధరాత్రి దాటేదాకా వాదనలు సాగాయి. మొత్తానికి 94-20 ఓట్లతో బిల్లు గట్టెక్కింది.

ఆ జెండా ఎక్కడ పుట్టింది?

ఈ కథ మొదలు తెలియాలంటే 1860కి వెళ్లాలి. అప్పుడు అమెరికాలో దాదాపు 40 లక్షలమంది బానిసలున్నారు. దక్షిణాదిలో పత్తి, వరి, పొగాకు పొలాలన్నీ వాళ్ల చెమటతోనే పండేవి. సౌత్ కరోలినా, మిసిసిపీ రాష్ట్రాల్లోనైతే జనాభాలో సగానికిపైగా బానిసలే! బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకకూడదన్న అబ్రహాం లింకన్ ఆ ఏడాది అధ్యక్షుడిగా గెలిచాడు. అంతే... డిసెంబరు 20న సౌత్ కరోలినా దేశం నుంచి విడిపోతున్నట్టు ప్రకటించింది. ఒకదాని వెంట ఒకటిగా 11 రాష్ట్రాలు బయటికొచ్చాయి. అవి కలిసి పెట్టుకున్న కొత్త దేశమే కాన్ఫెడరసీ. దాని అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్.

కొత్త దేశానికి కొత్త జెండా కావాలి కదా! మొదట చేసుకున్న జెండా అచ్చం అమెరికా జెండాకు తమ్ముడిలా ఉంది. 1861 జులైలో మనాసస్ దగ్గర తొలి పెద్ద యుద్ధం జరిగినప్పుడు ఆ దుమ్ములో, పొగలో ఏది మనవాళ్ల దండో, ఏది శత్రువుదో తెలియక సైనికులు తికమకపడ్డారు. దాంతో యుద్ధరంగంలో వాడటానికి విడిగా ఓ జెండా తయారుచేశారు. అదే ఈ గుణకారం గుర్తు జెండా. ఆ నమూనా గీసింది విలియం పోర్చర్ మైల్స్ అనే రాజకీయ నాయకుడు. విడిపోయినవి 11 రాష్ట్రాలే అయినా, కెంటకీ, మిస్సోరీ కూడా తమవేనంటూ 13 నక్షత్రాలు పెట్టారు.

ఓ విశేషం ఏమిటంటే... ఇంత గొడవకు కారణమైన ఈ జెండా ఒంటరిగా ఏనాడూ కాన్ఫెడరసీ జాతీయ పతాకం కాలేదు. 1863లో తెచ్చిన రెండో జాతీయ జెండాలో మాత్రం దానికి ఒక మూల చోటు దక్కింది. మిగతాదంతా తెలుపే. గాలి లేనప్పుడు అది లొంగిపోయేవాళ్లు చూపే తెల్లజెండాలా కనిపిస్తోందని 1865లో ఓ ఎర్రపట్టీ చేర్చారు. కొద్ది వారాలకే కాన్ఫెడరసీ నిజంగానే లొంగిపోయింది!

'మా ముత్తాత బానిసల్ని కొనలేదు'

జెండాను సమర్థించేవాళ్లందరూ జాత్యహంకారులే అనుకుంటే పొరపాటు. వాళ్ల మాటా వినాలి.

ఆ యుద్ధంలో కాన్ఫెడరసీ వైపు చనిపోయినవాళ్లే రెండున్నర లక్షలమందికి పైగా. ఆ సైనికుల్లో ఎక్కువమందికి సొంతంగా బానిసలు లేరు. పేద రైతులు, కూలీలు. తమ ఊరిమీదికి సైన్యం వస్తోందని తుపాకీ పట్టినవాళ్లున్నారు. నిర్బంధంగా సైన్యంలోకి లాగితే వెళ్లినవాళ్లున్నారు. జనరల్ షెర్మన్ సైన్యం వచ్చినప్పుడు అట్లాంటా తగలబడింది. కొలంబియా బూడిదైంది. ఆ ఫిరంగి గుండ్లు తగిలిన చోట్లను చూపిస్తూ కొలంబియా శాసనసభ గోడలకు ఇప్పటికీ కంచు నక్షత్రాలుంటాయి. యుద్ధం తర్వాత దక్షిణాది చాలాకాలం పేదరికంలో మగ్గింది. వాళ్ల యాస మీద, చదువు మీద, పల్లెటూరితనం మీద ఉత్తరాదివాళ్లు జోకులేసుకున్నారు.

అలా చిన్నబుచ్చుకున్న మనసుకు ఆ జెండా ఓ ధైర్యం. 'ఇది మా నేల, మా పాట, మా తిండి, మా మొండితనం' అని చెప్పుకోవడానికి ఓ ఆసరా. అందుకే ట్రక్కుల వెనకా, టీషర్టుల మీదా, రాక్ సంగీత కచేరీల్లోనూ అది వెలిసింది. 1979లో మొదలైన 'ద డ్యూక్స్ ఆఫ్ హజార్డ్' టీవీ సీరియల్లో కారు పైకప్పు మీదా అదే బొమ్మ. ఆ కారును చూస్తూ పెరిగిన పిల్లలకు అది అల్లరికీ, హుషారుకూ గుర్తు. అంతెందుకు, నార్త్ కరోలినాకు చెందిన హెచ్.కె. ఎడ్గర్టన్ అనే నల్లజాతీయుడు, అదీ ఒకప్పుడు నల్లవారి హక్కుల సంఘానికి స్థానిక శాఖ అధ్యక్షుడిగా పనిచేసినాయన, ఆ జెండా భుజాన వేసుకుని టెక్సాస్ దాకా నడిచాడు!

మరి తప్పెక్కడుంది?

వాళ్లే రాసుకున్నారు

'యుద్ధం బానిసత్వం కోసం కాదు, రాష్ట్రాల హక్కుల కోసం' అన్నది సమర్థకుల ప్రధాన వాదన. దీనికి జవాబు వెతకడానికి ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. విడిపోయినప్పుడు ఆ రాష్ట్రాలు రాసిన ప్రకటనలు చదివితే చాలు. పారిపోయిన బానిసల్ని ఉత్తరాది రాష్ట్రాలు పట్టి అప్పగించడం లేదన్నది సౌత్ కరోలినా పెద్ద ఫిర్యాదు. అంటే, ఉత్తరాది రాష్ట్రాలు తమ హక్కును వాడుకోవడమే నేరమైపోయింది! తమ నిలువెల్లా బానిసత్వంతోనే ముడిపడి ఉందని మిసిసిపీ దాపరికం లేకుండా చెప్పింది. 1861 మార్చిలో కాన్ఫెడరసీ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ సవానా నగరంలో ప్రసంగిస్తూ, నల్లవాడు తెల్లవాడికి సమానం కాడన్న సత్యమే తమ కొత్త ప్రభుత్వానికి మూలరాయి అన్నాడు. బానిసలమీద యజమానికున్న ఆస్తిహక్కును తగ్గించే చట్టమేదీ చేయకూడదని వాళ్ల రాజ్యాంగంలోనే ఉంది.

సరే, అది పాత కథ అనుకుందాం. యుద్ధం ముగిశాక ఆ జెండా చాలాకాలం మాజీ సైనికుల సమావేశాల్లో, సమాధుల దగ్గర, స్మారక దినాల్లో కనిపించేది. మరి రాజకీయ వేదికల మీదికి ఎప్పుడొచ్చింది? ఈ తేదీలు చూడండి...

1948: నల్లవారికి పౌరహక్కులు ఇవ్వాలని అధ్యక్షుడు ట్రూమన్ పట్టుబట్టాడు. అది నచ్చని దక్షిణాది డెమోక్రాట్లు చీలిపోయి, సౌత్ కరోలినా గవర్నరు స్ట్రామ్ థర్మండ్‌ను అధ్యక్ష పదవికి నిలబెట్టారు. వాళ్ల సభల్లో ఈ జెండాలు రెపరెపలాడాయి.

1956: తెల్లపిల్లలకూ నల్లపిల్లలకూ వేర్వేరు బడులు చెల్లవని 1954లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. రెండేళ్లకు జార్జియా తన రాష్ట్ర పతాకం మార్చి, అందులో కాన్ఫెడరేట్ గుర్తు చేర్చుకుంది.

1961: నల్లవాళ్లు హోటళ్లలో, బస్సుల్లో సమానత్వం కోసం పోరాడుతున్న రోజులు. యుద్ధం మొదలై వందేళ్లయిందన్న పేరుతో కొలంబియా శాసనసభ మీద ఈ జెండా ఎగరేశారు. వందేళ్ల పండుగ ముగిసింది గానీ, జెండా దిగలేదు. 2000లో పెద్ద ఊరేగింపులు, బహిష్కరణలు జరిగాక గుమ్మటం మీంచి దించి, భవనం ముందున్న సైనిక స్మారకం దగ్గర పాతారు. బ్రీ న్యూసమ్ ఎక్కింది ఆ కర్రే.

నల్లవారికి ఓ హక్కు దక్కబోతోందన్న ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ జెండా ఎత్తారు. దాన్ని చూస్తే నల్లవారి గుండె ఎందుకు గుభేల్మంటుందో వేరే చెప్పాలా!

మనవాళ్లున్న ఊరి కథ

ఇదంతా మనకెందుకు అనుకుంటున్నారా? అయితే జార్జియాలోని ఫోర్సైత్ కౌంటీ గురించి తెలుసుకోవాలి. అట్లాంటాకు ఉత్తరాన ఉంటుంది. దాని ముఖ్యపట్టణం కమింగ్. ఇప్పుడక్కడ వేలాది భారతీయ కుటుంబాలున్నాయి. వాళ్లలో తెలుగువాళ్లూ ఎక్కువే. మన ఊళ్లలో ఎంతమంది అమ్మానాన్నలు మనవల్ని చూడటానికి అక్కడికి వెళ్లొచ్చారో!

1912లో ఆ కౌంటీలో వెయ్యిమందికిపైగా ఉన్న నల్లవాళ్లను తెల్లవారి గుంపులు బెదిరించి, ఇళ్లు తగలబెట్టి, దాదాపు అందరినీ తరిమేశాయి. పొలాలు, ఇళ్లు, చర్చిలు అన్నీ వదిలేసి వెళ్లిపోయారు. ఆ తర్వాత 75 ఏళ్లపాటు నల్లవాళ్లు అక్కడ ఉండటానికే భయపడ్డారు. 1987 జనవరిలో కొద్దిమంది శాంతియాత్రకు బయల్దేరితే, వందలమంది కాన్ఫెడరేట్ జెండాలు ఊపుతూ రాళ్లూ సీసాలూ విసిరారు. వారం తిరిగేసరికి దాదాపు 20 వేలమంది అదే ఊళ్లో కవాతు చేశారు. ఇవాళ మన పిల్లలు సైకిళ్లు తొక్కే వీధుల వెనక ఉన్న చరిత్ర ఇది. మనవాళ్లు అక్కడ ధైర్యంగా ఇల్లు కొనుక్కోగలిగారంటే, ఆనాడు రాళ్లకు ఎదురు నడిచినవాళ్ల పుణ్యం అందులో ఉంది.

మనవాళ్లకు అర్థమయ్యే పోలిక మరొకటుంది... స్వస్తిక్. మనకది శుభం. యూదులకు అది హిట్లర్. అమెరికాలో కొత్తింటి గడపమీద దాన్ని వేయాలంటే చాలామంది ఒక్కక్షణం ఆగి, పక్కింటివాళ్లేమనుకుంటారో అని ఆలోచిస్తారు. మన మనసులో ఏముందన్నది ఒక్కటే సరిపోదు, ఎదుటివాళ్లకు ఏం గుర్తొస్తుందన్నదీ చూడాలి. కాకపోతే రెండింటికీ పెద్ద తేడా ఉంది. హిట్లర్ పుట్టకముందే వేల ఏళ్లుగా స్వస్తిక్ ఉంది. అతను దొంగిలించాడు. కాన్ఫెడరేట్ జెండా అలా కాదు. అది పుట్టిందే బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి పుట్టిన దేశపు సైన్యం కోసం.

ఇంటిమీదా, ప్రభుత్వంమీదా?

అయితే ఆ జెండాను నిషేధించేశారా అంటే... లేదు. తన పెరట్లో, తన ట్రక్కుమీద ఎవరైనా ఎగరేసుకోవచ్చు. భావప్రకటన స్వేచ్ఛ కింద అమెరికా రాజ్యాంగం ఆ హక్కు ఇచ్చింది. ప్రశ్నల్లా ఒకటే, అందరి పన్నులతో నడిచే ప్రభుత్వం దాన్ని ఎగరేయొచ్చా అని.

సరిగ్గా చార్ల్‌స్టన్ కాల్పుల మర్నాడే, 2015 జూన్ 18న, సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే తీర్పిచ్చింది. కార్ల నంబరుపలకల మీద ఈ జెండా వేయించాలని కాన్ఫెడరేట్ సైనికుల వారసుల సంఘం టెక్సాస్ ప్రభుత్వాన్ని అడిగింది. కుదరదంది ప్రభుత్వం. నంబరుపలక ప్రభుత్వం మాట్లాడే మాట, కాబట్టి కాదనే హక్కు దానికుందని 5-4తో కోర్టు తేల్చింది. మామూలుగా సంప్రదాయవాదుల పక్షాన ఉండే నల్లజాతి న్యాయమూర్తి క్లారెన్స్ థామస్ ఈసారి అవతలి నలుగురితో కలవబట్టే ఆ తీర్పొచ్చింది.

మనసులు మారాయి

చట్టం సంగతి అలా ఉంచితే, మనుషులు మారడం ఇంకా ఆసక్తికరం. 1948లో ఆ జెండాల మధ్య నిలబడ్డ స్ట్రామ్ థర్మండ్ కొడుకు పాల్ థర్మండ్ 2015లో సౌత్ కరోలినా సెనేటరు. తన పూర్వీకులు కాన్ఫెడరసీ కోసం పోరాడినవాళ్లేనని ఒప్పుకుంటూనే, బానిసత్వాన్ని కాపాడటానికి చేసిన యుద్ధం చూసి తాను గర్వపడలేనని సభలో చెప్పాడు. జెండా దించడానికి ఓటేశాడు. ఫ్లోరిడాలో పుట్టిన గాయకుడు టామ్ పెటీ, 1985లో తన కచేరీల వేదికపై ఆ జెండా పెట్టడం తెలివితక్కువ పని అని ముప్ఫై ఏళ్ల తర్వాత బహిరంగంగా ఒప్పుకున్నాడు.

2015లో సీఎన్ఎన్ సర్వే చేస్తే అమెరికన్లలో 57 శాతం అది దక్షిణాది అభిమానానికి గుర్తన్నారు. జాత్యహంకారానికి గుర్తన్నవారు 33 శాతమే. ఐదేళ్లు గడిచాయి. 2020 మేలో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు మోకాలితో నొక్కి చంపడం ప్రపంచమంతా చూసింది. ఆ జులైలో క్వినిపియాక్ విశ్వవిద్యాలయం చేసిన సర్వేలో లెక్క తిరగబడింది. 56 శాతం జాత్యహంకారం అన్నారు. అభిమానం అన్నది 35 శాతం. దక్షిణాదిలోనూ దాదాపు ఇదే తీరు! అదే ఏడాది నాస్కార్ కారు పందేల సంస్థ తన మైదానాల్లో ఆ జెండా వద్దంది.

గొడవ ముగిసిపోయిందని మాత్రం అనుకోవద్దు. 2021 జనవరి 6న వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనంలోకి దూసుకెళ్లిన గుంపులో ఒకడు ఆ జెండా భుజాన వేసుకుని వరండాల్లో తిరిగాడు. నిక్కీ హేలీ సైతం 2019లో, కొందరికి ఆ జెండా సేవకూ త్యాగానికీ గుర్తనీ, హంతకుడు దాన్ని చెడగొట్టాడనీ అని విమర్శలపాలయ్యారు.

కొత్త పువ్వు

చివరిగా మిసిసిపీ. 1894 నుంచీ దాని రాష్ట్ర పతాకంలోనే కాన్ఫెడరేట్ గుర్తుంది. మార్చాలా అని 2001లో ప్రజలనే అడిగితే 64 శాతం 'వద్దు, ఉండనీ' అన్నారు. 2020 జూన్‌లో మాత్రం ఆటగాళ్లు, చర్చి పెద్దలు, వ్యాపారులు ఒక్కగొంతుతో మార్చమన్నారు. చట్టసభ పాత జెండాను రద్దుచేసింది. అది జాక్సన్ నగరంలోని మ్యూజియంకు చేరింది. నవంబరులో కొత్త జెండా నమూనా మీద ఓటింగు పెడితే 70 శాతానికి పైగా సరేనన్నారు.

కొత్త జెండా మధ్యలో మాగ్నోలియా పువ్వు. తెల్లగా, పెద్ద పెద్ద రేకులతో దక్షిణాది పెరళ్లలో పూసే పువ్వు. తెల్లవారింట్లోనూ, నల్లవారింట్లోనూ ఒకేలా పూస్తుంది. పువ్వు చుట్టూ నక్షత్రాలు. అన్నింటికన్నా పైనున్న బంగారు నక్షత్రం, అందరికన్నా ముందు ఆ నేలమీద బతికిన ఆదివాసులది.

పుట్టిన నేలమీద అభిమానం ఉండటం తప్పు కాదు. ముత్తాత సమాధిమీద పువ్వు పెట్టడం అంతకన్నా కాదు. కానీ అందరి తరఫునా ఎగరేసే జెండా కింద అందరూ నిలబడగలగాలి. కాన్ఫెడరసీ సేనాధిపతి రాబర్ట్ లీ ఈ సంగతి ముందే గ్రహించాడేమో! గెటిస్‌బర్గ్ యుద్ధభూమిలో స్మారక గుర్తులు పెట్టే కార్యక్రమానికి 1869లో పిలిస్తే ఆయన వెళ్లలేదు. యుద్ధం చేసిన పుండ్లను తెరిచి ఉంచకుండా, ఆ ఆనవాళ్లను చెరిపేసుకున్న దేశాలను అనుసరించడమే మంచిదని జవాబు రాశాడు.

ఆ మాట వినడానికి మిసిసిపీకి 151 ఏళ్లు పట్టింది. అయినా... విన్నది!